కంటిగోడ మందం

పోయిన వారం అక్కను ఎక్కడ వదిలామో గుర్తుందా? ఆస్పత్రి సెల్లార్‌లో, కిటికీ లేని తన గదిలో, తమ్ముడి ఫైలు ముందు. దూరపు ఊరి ఆస్పత్రికి పంపాల్సిన కాగితాలు ఒక్కొక్కటే వరస పెడుతుంటే, ఆరు వారాల కిందటి స్కాన్ కాగితం అడుగున చిన్న అక్షరాల్లో రెండు మాటలు మళ్ళీ కంటపడ్డాయి. ఆవిడ ఫైలు మూసింది, తెరిచింది, మళ్ళీ మూసింది. ఆ మాటలేమిటో చెప్పకుండా ఆపినందుకు నన్ను తిట్టుకున్నవాళ్ళు ఉంటారు. తిట్టుకోండి. అవి మీకన్నా ముందు తమ్ముడి చెవిన పడవలసిన మాటలు.

ఈ వారమే కథలోకి అడుగుపెట్టినవారి కోసం నాలుగు ముక్కలు చెప్పుకుని ముందుకు పోదాం. అక్క ఆ ఆస్పత్రిలో రేడియేషన్ లెక్కలు వేస్తుంది. రోగికి ఎంత కిరణం కావాలో డాక్టరు రాస్తే, అది ఎంత లోతుకి, ఎన్ని గంటల్లో అందుతుందో కట్టి చెప్పడం ఆవిడ పని. ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఆవిడని అందరూ లెక్కలమ్మ అంటారు, ఎదురుగా కూడా. తమ్ముడు ఓడరేవులో క్రేన్ నడుపుతాడు. పదంతస్తుల ఎత్తున గాజు గదిలో కూర్చుని, కింద ఓడలో ఉన్న ఇనప పెట్టెల మీదికి కొక్కేలు దించుతాడు. గురి తప్పడు కనక రేవులో అతన్ని డేగ అంటారు. ఆ డేగ కుడి కంట్లో, లోపలి గోడ మీద, పైకి కాస్త చెవి వైపుగా ఒక నల్లటి గడ్డ పుట్టింది. మెలనోమా. చర్మం మీద వచ్చే కేన్సరే, కంట్లో కూడా వస్తుందని ఆ ఇంట్లో అక్కకి తప్ప ఎవరికీ తెలియదు.

కన్ను తీసేయడం ఒక దారి. దాన్ని డేగ మొదటి రోజే చేత్తో తోసేశాడు. రెండోది ఇక్కడే జరిగేది. గడ్డ ఎక్కడుందో సరిగ్గా ఆ చోట, కంటిగుడ్డుకి బయటి నుంచి, కోటు గుండీ అంత రేడియేషన్ బిళ్ళ కుట్టి, కొన్ని రోజులు ఉంచి తీసేస్తారు. మూడోది ప్రోటాన్ కిరణం. దూరపు ఊళ్ళో, ఇల్లంత మిషన్ ముందు తల బిగించుకుని, ఒక చిన్న దీపం వంక చూపు కదపకుండా కూర్చోవాలి, నాలుగు రోజులు. బిళ్ళయినా కిరణమైనా గడ్డ లొంగడం నూటికి తొంభై పైమాటే. ప్రాణం సంగతిలో, కాలేయానికి పాకే భయం సంగతిలో, ఇది మేలు అది కీడు అని ఎవరూ తేల్చలేదు. తేడా అంతా మిగిలే చూపులోనూ కంటి సుఖంలోనూ ఉంది. బిళ్ళ కిరణం కొంత దూరం పోయి నీరసపడుతుంది. గడ్డ పొట్టిదైతే చూపుకి ముఖ్యమైన చోటు చాలావరకు తప్పించుకుంటుంది, ఎత్తైనదైతే కొస దాకా కిరణం అందదు. ప్రోటాన్ కావలసినంత లోతుకి పోతుంది గానీ ముందు నుంచి వస్తుంది. డేగ గడ్డని చేరాలంటే పైరెప్ప గుండా, కన్నీటి గ్రంథి పక్కనుంచి రావాలి. కన్ను ఎండిపోవచ్చు. ఆ ఎత్తున ఉప్పుగాలిలో, దుమ్ములో ఎండిన కన్నుతో ఎనిమిది గంటల డ్యూటీ ఎవరి వల్లా కాదు.

బిళ్ళకి ఈ ఆస్పత్రి పెట్టుకున్న హద్దు ఆరు మిల్లీమీటర్లు, కంటిగోడ మందం కలుపుకుని. డేగ గడ్డ ఆరు పాయింట్ మూడు అని అక్క లెక్క తేల్చింది. అందుకే దూరపు ఊరు, అందుకే ఆరు వారాలు వంతు కోసం ఎదురుచూపు. వంతు ఈ సోమవారానికి వచ్చింది.

శుక్రవారం మధ్యాహ్నం రెండున్నరకి డేగ, అతని భార్య కాగితాల కోసం సెల్లార్‌లోకి దిగారు. భార్య సిటీ బస్సు కండక్టరు. డబల్ డ్యూటీ దిగి యూనిఫారం మార్చకుండానే వచ్చింది.

"వదినా, ఈయన్ని నువ్వే అడుగు. నాలుగు రోజులకి ఎనిమిది చొక్కాలు సర్దమంటాడు. వెళ్ళేది ఆస్పత్రికా, పెళ్ళికా?"

"అంత పెద్ద మిషన్ కదా, పక్కన నిలబెట్టి ఫొటో తీస్తారేమో," అన్నాడు డేగ.

మామూలుగా అయితే తమ్ముడి మాటకి ముందు నవ్వేది అక్కే. ఇవాళ నవ్వలేదు. తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"కూర్చోండి ఇద్దరూ. ఒరేయ్, నేనొక తప్పు చేశాను."

"నువ్వా?" డేగ భార్య వంక చూశాడు. "రాసి పెట్టుకోవే, మళ్ళీ అనదు."

"వేళాకోళం కాదురా. ఇది చదువు."

కాగితం అతని ముందుకి తోసింది. డేగ తల కాస్త పక్కకి తిప్పి ఎడమకంటితో చదివాడు. ఈ మధ్య అలా చదవడం అలవాటైంది.

"'ఎత్తు అయిదు పాయింట్ మూడు. గోడతో కలిపి.' అయితే?"

అక్క చెప్పింది. ఆవిడ గొంతు రోజూ రోగులకి చెప్పే గొంతే, మధ్యలో మాత్రం రెండు మూడు చోట్ల ఆగింది. పాత స్కాన్ మిషన్ గడ్డని కంటిగోడ లోపలి అంచు నుంచి కొలిచేది. బిళ్ళ పెట్టేది గోడకి బయట కాబట్టి, లెక్కవేసేవాళ్ళు గోడ మందానికి ఇంకో మిల్లీమీటరు కలుపుకునేవారు. ఏళ్ళ తరబడి అదే పద్ధతి. ఏడు నెలల కిందట కొత్త మిషన్ వచ్చింది. అప్పటినుంచీ స్కాన్ గదిలోనే గోడ కలిపి కొలుస్తున్నారు, కాగితం అడుగున ఆ మాట రాస్తున్నారు.

"అందరివీ ఆ మాట చూసి వేస్తాను. నీ దాంట్లో మాత్రం మళ్ళీ ఒకటి కలిపాను. గోడ రెండుసార్లు పడింది."

డేగకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అతని భార్యకి ముందే అర్థమైంది. రోజుకి వెయ్యిమందికి చిల్లర ఇచ్చే మనిషి.

"అంటే ఆరు దాటలేదు," అంది.

"దాటలేదు."

"అంటే బిళ్ళ పెట్టొచ్చు."

"ఆరు వారాల కిందటే పెట్టి ఉండొచ్చు."

మూలనున్న ప్రింటరు ఎవరిదో కాగితం ఒకటి బయటికి తోసి ఆగిపోయింది. కండక్టరమ్మ లేచి నిలబడింది. బస్సులో వెనక సీటు దాకా వినబడే గొంతు ఆవిడది, ఇప్పుడు మాత్రం తగ్గించే మాట్లాడింది. గట్టిగా అరిచినా అక్క అంత భయపడేది కాదు.

"మొదటి రోజు ఈయన అడిగాడు వదినా. ఈ గదిలోనే. 'బిళ్ళ పెట్టించుకుంటే పోదా అక్కా' అని ఎంత ఆశగా అడిగాడో నీకూ గుర్తుండే ఉంటుంది. 'అందదురా' అన్నావు. ఒక్క మాట. మేం ఇంకెవర్నీ అడగలేదు. ఎందుకడుగుతాం? ఇంట్లోనే లెక్కలమ్మ ఉంటే."

"నిజమే."

"ఆరు వారాలు రాత్రిళ్ళు ఈయన పక్కన పడుకుని, లోపల అది పెరుగుతోందా పెరుగుతోందా అని—"

"ఉండవే," అన్నాడు డేగ. భార్య చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. తర్వాత కాగితం మీద వేలు పెట్టి, ఆ రెండు మాటల దగ్గర ఆపాడు.

"అక్కా, అప్పుడు ఇది నువ్వు చూడలేదా? చూశావా?"

చూడలేదంటే అయిపోయేది. పనిలో పొరపాటు, కంగారులో జరిగింది, ఎవరికైనా జరుగుతుంది అని ముగ్గురూ ఏదో ఒక ఒడ్డుకి చేరేవారు. అక్క ఆ మాట నాలుక చివరిదాకా తెచ్చుకుంది కూడా. నేను ఆవిడని వెనకేసుకురాను గానీ, ఆ మాట మింగడం ఎంత కష్టమో మాత్రం తెలుసు.

"చూశాను," అంది.

డేగ వేలు ఆ మాటల మీంచి తీసేశాడు.

"చూశానురా. నీ దానికి నిజంగా కలిపారో, అలవాటు కొద్దీ రాసేశారో అనిపించింది. మెట్లెక్కి పైకి వెళ్ళి అడిగితే రెండు నిమిషాల పని. వెళ్ళలేదు. తక్కువ వేసి కొస దాకా కిరణం అందకపోతే, మళ్ళీ మొలిస్తే? ఎక్కువ వేస్తే పోయేదేముంది అనుకున్నాను. ఎందుకైనా మంచిదని ఒకటి కలిపాను. ఇంకెవరి కాగితం మీదా అలా అనుకోను. నీ పేరు చూసేసరికి నా బుర్ర పనిచెయ్యలేదు."

"ఎక్కువ వేస్తే పోయేదేముందా?" అన్నాడు డేగ. "ఏడాదికోసారి రేవు డాక్టరు నా రెండు కళ్ళూ చూసి సంతకం పెడితేనే నన్ను పైకి ఎక్కనిస్తారక్కా. కింద నిలబడి జెండా ఊపే పని ఇస్తారు, తెలుసా? నాకు పని నేర్పినాయన చివరి మూడేళ్ళూ అదే చేశాడు. మేమెవ్వరం ఆయన మొహం చూడలేకపోయేవాళ్ళం."

"నువ్వు బతకాలని అనుకున్నానురా."

"బతకడంలో తేడా లేదన్నావుగా! వేళ్ళు మడిచి మరీ చెప్పావు, ఏ దారైనా అది ఒకటే అని. మరి నాకు చెప్పింది ఒకటి, నీ మనసులో ఉన్నది ఒకటా?"

చదివిన చదువు ఒకటి చెబుతుంటే భయం ఇంకొకటి రాసింది. అంతే జరిగింది.

"సొంతవాళ్ళ లెక్క మీరు వెయ్యకూడదని రూలుందని నువ్వే అన్నావొకసారి," అంది కండక్టరమ్మ.

"ఉంది. నిదానంగారికి ఇవ్వాలి."

నిదానంగారంటే ఆ ఆస్పత్రిలో లెక్కలు వేసే రెండో మనిషి. నడకా నిదానం, మాటా నిదానం, అందుకే ఆ పేరు. ఆయన కూడా దానికి పలుకుతాడు.

"ఇవ్వలేదు. నీ కన్ను ఇంకొకళ్ళ చేతిలో పెట్టడానికి మనసొప్పలేదు. నేను వేశాక ఆయన సరిచూశాడు. కానీ మా సరిచూడటం పైన రాసిన అంకె దగ్గర మొదలవుతుంది. కూడికలూ గుణకారాలూ చూస్తాం. ఆ అంకె ఏ కాగితం మీంచి వచ్చిందో తిప్పి చూడం. ఆయనవి నేనూ అలాగే చూస్తాను."

డేగ కాగితం మడిచి జేబులో పెట్టుకోబోయి, మళ్ళీ తీసి బల్ల మీద పెట్టాడు. "డాక్టరుగారికి చెప్పావా?"

"ముందు నీకు చెబుదామని."

"పద."

కంటి డాక్టరు గది పై అంతస్తులో. ఆయన మొత్తం విన్నాడు. అరవలేదు, ఊరడించనూ లేదు. సొరుగులోంచి తప్పిదాల రిపోర్టు ఫారం తీసి, దాని మీద పేపర్‌వెయిట్ పెట్టాడు. అది తర్వాతి పని అని అక్కకి అర్థమైంది.

"రేపు పొద్దున పది తర్వాత ఆపరేషన్ థియేటరు ఖాళీగా ఉంది. బిళ్ళ పెట్టాలంటే నాలుగింటికల్లా వాళ్ళకి చెప్పాలి. లేదంటే సోమవారం ప్రయాణం అలాగే ఉంటుంది. ముందు మళ్ళీ కొలుద్దాం," అన్నాడు.

స్కాన్ గదిలో ఉండే ఆవిడ ఇంకో ఏడాదిలో రిటైరవుతుంది. డేగని పడుకోబెట్టి, మూసిన రెప్ప మీద చల్లటి జెల్ రాసి, దాని మీద పెన్ను లాంటి పరికరం ఆనించింది. బూడిదరంగు తెర మీద కన్ను గుండ్రంగా కనబడింది, దాని గోడ మీద చిన్న తెల్లటి మెట్టలాగా గడ్డ. తమ్ముడి గడ్డని అక్క అంకెలుగా చూసిందే తప్ప, ఇలా అతను ఊపిరి తీస్తుంటే సన్నగా కదలడం చూడలేదు. కండక్టరమ్మ చెయ్యి ఆవిడ చేతికి తగిలింది. ఆ చెయ్యి వెనక్కి పోలేదు. అక్క దాన్నే పట్టుకుని నిలబడింది.

"అయిదు ఎనిమిది," అంది స్కాన్ గది ఆవిడ. మళ్ళీ కొలిచింది. "అయిదు తొమ్మిది." మూడోసారి. "అయిదు ఎనిమిది."

"గోడతో కలిపా?" ముగ్గురూ ఒక్కసారే అడిగారు.

ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూసింది. "కలిపే. ఏడు నెలల్నించీ ప్రతి కాగితం మీదా రాస్తూనే ఉన్నాను. ఎవరైనా చదివి చస్తే కదా."

"పోయినసారి అయిదు మూడు," అన్నాడు డేగ కళ్ళు మూసుకునే. "అర మిల్లీమీటరు పెరిగిందన్నమాట."

"పెరిగి ఉండొచ్చు. నా చెయ్యి అటూ ఇటూ అయి ఉండొచ్చు. అర మిల్లీమీటరు దగ్గర నేను ఒట్టు వెయ్యను బాబూ."

అది కాస్త ఊరట, కాస్త శిక్ష. ఆరు వారాల ఆలస్యం తమ్ముడి కంట్లో ఎంత పని చేసిందో ఇక ఎన్నటికీ తేలదు. అక్క ఆ సంగతి అప్పుడే గ్రహించింది. జీవితంలో ఆవిడ భయపడేది తప్పు జవాబుకి కాదు, జవాబు లేకపోవడానికి.

డాక్టరు రెండు కాగితాలు తీసి డేగ ముందు పెట్టాడు. ఒకటి బిళ్ళకి ఒప్పుకోలు, రెండోది దూరపు ఊరికి పంపే ఉత్తరం.

"హద్దు లోపలే ఉంది, కానీ అంచున ఉంది. నేను బిళ్ళ పెట్టగలను. అక్కడికి వెళ్ళినా తప్పులేదు. నిర్ణయం మీది."

డేగ రెప్ప మీది జెల్ తుడుచుకుని లేచి కూర్చున్నాడు. గోడ గడియారం మూడూ నలభై చూపిస్తోంది. అతను డాక్టరు వైపు కాదు, అక్క వైపు తిరిగాడు.

"చెప్పు. ఇప్పటిదాకా చెప్పినదాంట్లో నీ భయమెంతో, నా గడ్డ ఎంతో, విడదీసి చెప్పు."

అక్క కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది. చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పించుకునేటప్పుడు కూడా ఇలాగే మోకాళ్ళకి మోకాళ్ళు ఆనించి కూర్చునేవాళ్ళు.

"అయిదు ఎనిమిదికి బిళ్ళ కొసదాకా అందుతుంది. అది గట్టిగా చెప్పగలను. కొసకి అందాలంటే అడుగున చాలా ఎక్కువ పడుతుంది, దానివల్ల రెండు మూడేళ్ళలో చూపు తగ్గొచ్చు. అక్కడికెళితే కన్ను ఎండొచ్చు, చూపు అక్కడా తగ్గొచ్చు. ఎందులో ఎంత మిగులుతుందో, నువ్వు మళ్ళీ పైకి ఎక్కుతావో లేదో…" ఆవిడ తల అడ్డంగా ఊపింది. "నాకు తెలియదురా."

ముప్ఫై తొమ్మిదేళ్ళ వయసులో డేగ అక్క నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. ఆవిడ వంక చూశాడు. కోపం పోలేదు, అది అంత తొందరగా పోయేది కాదు. అయినా కోపంతోపాటు ఇంకేదో కూడా ఉంది ఆ చూపులో.

"ఇది నమ్మొచ్చు," అని బిళ్ళ కాగితం దగ్గరికి లాక్కుని సంతకం పెట్టాడు.

దాని కింద ఇంకో గీత ఉంటుంది, లెక్క వేసినవారి సంతకానికి. అక్క చెయ్యి అలవాటుగా పెన్ను మీదికి పోయింది.

"నువ్వొద్దక్కా," అన్నాడు డేగ.

గట్టిగా అనలేదు. పెన్ను మాత్రం తన వైపు జరుపుకున్నాడు. అక్క చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది. అతను అన్నది న్యాయమే, రూలు కూడా అదే. ఇరవై రెండేళ్ళలో ఎవరూ ఆవిడ చేతిలోంచి ఒక లెక్క తీసేసుకోలేదు. అది తమ్ముడే చెయ్యాల్సి వచ్చినందుకు ఆవిడకి ఏడుపొచ్చింది, ఎవరికీ కనబడకుండా కళ్ళజోడు తుడుచుకుంది.

"నిదానంగారిని పిలుస్తాను," అన్నాడు డాక్టరు.

ఫోను చేసిన ఎనిమిది నిమిషాలకి నిదానంగారు వచ్చారు. ఆయన లెక్కలో అది పరుగే. కాలిక్యులేటరు చొక్కా జేబులో ఉంది. రేపు బిళ్ళ పెట్టాలన్నంత వరకే విని, డేగ భుజం తట్టి, కళ్ళజోడు మార్చుకుని, కొత్త స్కాన్ కాగితం చేతిలోకి తీసుకున్నారు.

"ఏం కంగారు లేదు బాబూ. గంటలో లెక్క వేసి ఇస్తాను."

"ఒక్క మాటండీ," అన్నాడు డేగ. ఇందాకటినుంచీ అతనికి పట్టుకున్న అనుమానం అది. "గడ్డ ఎత్తుకి మీరు గోడ కలుపుతారా?"

"ఎందుకు కలపం? ఒక మిల్లీమీటరు. ఎప్పుడూ కలుపుతాం కదా." నిదానంగారు చల్లగా నవ్వారు. "నేను మర్చిపోతానేమోనని భయపడకు. మొన్న మంగళవారం బిళ్ళ పెట్టిన మూడో వార్డు ముసలాయనకీ కలిపాను. ఆయన బిళ్ళ కంట్లోనే ఉందింకా, రేపు పొద్దున తొమ్మిదింటికి తీస్తారు."

స్కాన్ గది ఆవిడ చేతిలో తుడిచే గుడ్డ అలాగే ఉండిపోయింది. డాక్టరు లేచి నిలబడ్డాడు.

అక్కకి ఆ ముసలాయన లెక్క గుర్తుంది. సోమవారం మధ్యాహ్నం తన బల్ల మీదికి వచ్చింది. కూడికలు చూసింది, గుణకారాలు చూసింది, అన్నీ సరిగ్గా ఉన్నాయి. కింద సంతకం పెట్టింది. పైన రాసిన అంకె ఎక్కడినుంచి వచ్చిందో తిప్పి చూడలేదు. ఇప్పుడు అందులోంచి ఒక మిల్లీమీటరు తీసేసి, ఆ బిళ్ళ ఎన్ని గంటలు ఉండాలో మనసులోనే కట్టింది. అంత లెక్కకి ఆవిడకి కాగితం అక్కర్లేదు.

ఆ బిళ్ళ ఈ పొద్దున పదింటికే బయటికి వచ్చి ఉండాలి. అప్పటినుంచీ ఆ కంటికి అక్కర్లేని కిరణం పడుతూనే ఉంది. గడియారంలో నాలుగు కావడానికి మూడు నిమిషాలు ఉంది.

"అక్కా," డేగ ఆవిడ మొహం చూసి అంతా గ్రహించేశాడు. మంచం దిగి, ఆవిడ జబ్బ పట్టుకుని లేపాడు. "నా సంగతి తర్వాత. నువ్వు మూడో వార్డుకి పరిగెత్తు."